కాళ్లు ముడుచుకుని పుట్టిన గుర్రప్పిల్లకు సూదిమందు

మన వైపు గుర్రాలు సాకేవాళ్లు కొద్దిమందే. అయినా వినండి.

పిల్ల ముంగాళ్లు ముడుచుకుని పుడితే, బిగిసిన స్నాయువులు (మనం నరాలంటామే, అవి) సడలడానికి డాక్టరుగారు ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తారు. క్రిములకు వేసే మోతాదు కాదది. ఒక్కమారే 2, 3 గ్రాములు, సెలైనులో కలిపి రక్తనాళంలోకి మెల్లగా ఎక్కిస్తారు. గబగబా ఎక్కిస్తే పిల్ల అక్కడే కూలిపోవచ్చు.

అంతకన్నా మోసం మూత్రపిండాలది. ముర్రుపాలు తాగక, పారుకుని, ఒంట్లో నీరు తగ్గిన పిల్లకు ఈ మందు పడితే అవి చెడవచ్చు. నొప్పిమందు తోడైతే మరీ కీడు. కాళ్లు చక్కబడ్డాయని మనం సంబరపడుతుంటాం, పిల్లేమో పాలు మానేసి సోలిపోతుంది!

అందుకని ముందు ముర్రుపాలు పట్టండి. కొద్దిగా వంగిన కాళ్లు నడకతోనే సర్దుకుంటాయి, సూదే అక్కరలేదు. అంగట్లో సీసా కొని మీరే పొడవబోకండి. సూది పడ్డాక మూడు నాలుగు దినాలు మూత్రం, పాలు తాగడం కనిపెట్టి చూడండి. తగ్గితే వెంటనే బండిలో వేసుకుని పులివెందుల పశువైద్యశాలకు తీసుకుపోండి.