బహుమతి ఫలకంపై తెలుగు పేరు – లేజరు యంత్రం



వార్షికోత్సవంలో అందజేసే కప్పునకు గాని, షీల్డుకు గాని విలువ లోహం వల్ల రాదు. దానిపై చెక్కిన పేరు వల్ల వస్తుంది. అయితే తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగు వ్యాసరచనలో ప్రథమ బహుమతి పొందిన బాలిక పేరు సైతం ఆ ఫలకంపై ఆంగ్ల లిపిలో ఉండుట కద్దు. దీనికి భాషాభిమానం కొరవడుటయే కారణమని తలచుట న్యాయం కాదు. పనిముట్టులోనే ఒక కారణం ఉన్నది.

లోహంపై అక్షరాన్ని నిలుపుట తెలుగువారికి కొత్త విద్య కాదు. రాజరాజ నరేంద్రుని నందంపూడి శాసనం రాగిరేకులపై చెక్కినదే. దానిని రచించినవాడు నన్నయ భట్టు. శాసనాల చివర రచించినవాని పేరు, చెక్కినవాని పేరు వేరువేరుగా కనిపించుట కద్దు. అనగా మాటకు ఒకరు, గీతకు ఒకరు బాధ్యులు. ఈ విభజనను జ్ఞాపకం ఉంచుకోవడం అవసరం.

ఆధునిక కాలంలో ఉలి స్థానాన్ని పాంటోగ్రాఫ్ యంత్రం ఆక్రమించింది. అక్షరపు అచ్చులోని గాడి వెంట ఒక సూదిని నడిపిస్తే, కీళ్ళ చట్రం ద్వారా రెండవ సూది అదే రూపాన్ని పలకపై చిన్నదిగా గీస్తుంది. ఆంగ్లానికి 26 పెద్ద అక్షరాల అచ్చులుంటే పని జరిగిపోతుంది. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపి వందల అచ్చులు కావాలి. ఏడాదికి నాలుగు ఫలకాలు చెక్కే దుకాణదారు అన్ని అచ్చులు చేయించుకోలేడు. కనుక తెలుగు పేరు ఆంగ్ల లిపిని ఆశ్రయించవలసి వచ్చింది.

లేజరు యంత్రానికి అచ్చుతో నిమిత్తం లేదు. ఈ కాంతికి మూలమైన సిద్ధాంతాన్ని ఐన్‌స్టీన్ 1917లో ప్రతిపాదించగా, 1960లో థియోడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజరును వెలిగించాడు. నేడు ఆక్రిలిక్‌ను, కొయ్యను చెక్కే యంత్రాలలో విరివిగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించినవారు కుమార్ పటేల్. ఈ పాఠశాల నెలకొన్న మహారాష్ట్రతో ఆయనకు జన్మసంబంధం ఉన్నది. ఆయన 1938లో బారామతిలో జన్మించి, పుణె ఇంజనీరింగు కళాశాలలో చదివారు.

ఈ కిరణం కంటికి కనిపించదు. కటకం దానిని మిల్లీమీటరులో పదోవంతు దరిదాపు బిందువుగా కుదించినప్పుడు, ఆ బిందువు వద్ద పదార్థం ఆవిరైపోతుంది. సోలాపూరు మగ్గాల మధ్య పెరిగిన కుటుంబాలకు దీని నడక సులభంగా బోధపడుతుంది. నాడె అటూ ఇటూ పరుగెత్తి పేక వెంట పేక చేర్చినట్లే, కటకం పలకపై అటూ ఇటూ సాగుతూ వరుస వెంట వరుస గీస్తుంది. అక్షరం ఉన్నచోట కిరణం వెలుగుతుంది, లేనిచోట ఆరుతుంది. ఆ గీత ఏ భాషకు చెందినదో యంత్రానికి తెలియదు, తెలియనక్కర లేదు.

పదార్థాన్ని బట్టి ఫలితం మారుతుంది. పోతపోసిన ఆక్రిలిక్‌పై అక్షరం మంచువలె తెల్లగా కనిపిస్తుంది. ఒత్తి సాగదీసిన రకంపై మసకగా ఉంటుంది. కొయ్యపై మాడి నల్లబడుతుంది. ఇత్తడి ఈ కిరణాన్ని చాలావరకు తిప్పికొడుతుంది. కనుక రంగుపూత ఉన్న పలకపై పూతను మాత్రమే తొలగించడమో, తరంగదైర్ఘ్యం సుమారు పదోవంతు ఉండే ఫైబర్ లేజరును వాడడమో చేయాలి. పి.వి.సి. రేకును మాత్రం ఎన్నడూ యంత్రంలో పెట్టరాదు. దాని నుండి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకు హానికరం. యంత్రాన్ని కూడా తినివేస్తుంది. ఆక్రిలిక్, కొయ్య మంటనందుకునే పదార్థాలు గనుక, యంత్రం నడుస్తుండగా మనిషి దానిని విడిచి వెళ్ళరాదు.

ఇక తెలుగు అక్షరం సంగతి. చెక్కే యంత్రాలకు అనుసంధించిన కంప్యూటరు ప్రోగ్రాములలో కొన్నింటికి తెలుగు కూర్పు తెలియదు. ‘లక్ష్మి’ అన్న పేరును వాటిలో నేరుగా ఎక్కిస్తే ఒత్తులు విడిపోయి ‘లక్‌ష్‌మి’ అని వికృతంగా రావచ్చు. పాత డి.టి.పి. ఖతిలో కూర్చినదాన్ని మరొక ఖతిలో తెరిస్తే అర్థంలేని గుర్తులు మిగులుతాయి. దీనికి ఉపాయం ఒకటే. తెలుగు తెలిసిన ప్రోగ్రాములో పేరును కూర్చి, అక్షరాలను రేఖాచిత్రాలుగా మార్చి దుకాణానికి ఇవ్వాలి. అప్పుడు యంత్రానికి అది అక్షరం కాదు, బొమ్మ, బొమ్మ చెదరదు.

పరిమాణంలోనూ మెలకువ కావాలి. తెలుగు అక్షరం మీద గుడులు, కింద ఒత్తులు ఉంటాయి గనుక, ఆంగ్లానికి చాలిన ఎత్తు తెలుగుకు చాలదు. మరీ చిన్నదిగా చెక్కితే థకారంలోని చుక్క పూడిపోతుంది. ధకారం కింది గీత కలిసిపోతుంది. సన్నని గీతల ఖతికంటె నిండైన ఖతి మేలు.

అన్నింటికంటె ముఖ్యమైనది పేరు ఎక్కడినుండి వచ్చిందనేది. ఆంగ్ల జాబితా నుండి తిరిగి తెలుగులోకి మార్చితే ణకారం నకారమవుతుంది, ళకారం లకారమవుతుంది. వేణు కాస్తా వేను అవుతాడు. మహారాష్ట్రలో పిల్లవాని పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాయుట ఆచారం. తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందుంటుంది. ఏ వరుస ఉండాలో నిర్ణయించవలసినది ఆ కుటుంబమే గాని దుకాణదారు కాడు. బహుమతి గ్రహీత తన చేతితో తన పేరును తెలుగులో వ్రాసి ఇవ్వాలి. దానిని చూసి కూర్చిన నమూనాను అసలు కొలతలో కాగితంపై అచ్చువేసి, ఆ విద్యార్థి చేతనే చదివించాలి. ఆ తరువాతనే యంత్రాన్ని నడపాలి. చెక్కిన తప్పును చెరపడం సాధ్యం కాదు. పలకనే మార్చవలసి వస్తుంది.

పూర్వం చెక్కేవాని చేయి తడబడితే అక్షరం తప్పేది. లేజరు తడబడదు, ఇచ్చిన తప్పును కూడా నిర్దుష్టంగా చెక్కుతుంది. కాబట్టి గీత బాధ్యత యంత్రం స్వీకరించినా, మాట బాధ్యత పాఠశాలపైననే నిలిచింది. తెలుగు లిపిలో పేరు చెక్కించుట కష్టమన్న పాత కారణం నేడు తొలగిపోయింది. ఈ ప్లాటినం జూబిలీ వత్సరంలో ఇచ్చే ప్రతి ఫలకంపైనా, దానిని గెలిచిన బిడ్డ తన పలకమీద తొలిసారి దిద్దిన లిపిలోనే ఆ పేరు వెలయవలెనని ఆకాంక్ష. స్వస్తి.