నిలబడే చోటు మారితే బొమ్మ మారుతది

(ఫొటోగ్రఫీ శిక్షణ తరగతిలో విద్యార్థులు, ఉద్యోగులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చార్మినార్ ఫొటో తీయనివాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? ఉండరు. మీ అందరి ఫొటోలు ఒక బల్ల మీద పరిస్తే ఏది ఎవరిదో చెప్పగలరా? చెప్పలేరు. ఎదురుగా నిలబడి, నాలుగు మినార్లు వచ్చేటట్టు, కింద సగం రోడ్డు, పైన సగం ఆకాశం. అందరిదీ అదే బొమ్మ. 1591లో కట్టిన కట్టడానికి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు ఉన్నాయి. మనం మాత్రం ఒక్క దిక్కే పట్టుకొని వేలాడుతున్నాం.

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక రాజముద్రలో చార్మినార్, కాకతీయ తోరణం రెండూ చేరాయి. ముద్రలో అవి నిటారుగా, ఎదురుగా, నీడ లేకుండా ఉంటాయి. ఉండాలి కూడా. చూడగానే గుర్తుపట్టడమే ముద్ర పని. ఫొటో పని అది కాదు. గుర్తుపట్టిన తర్వాత అక్కడ ఇంకా ఏముందో చూపించాలి. మనం తీసేవాటిలో ఎక్కువ భాగం రాజముద్రకు నకళ్ళే.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మంచి బొమ్మ పేరున్న స్థలంలో దొరకదు, ఖరీదైన కెమెరాలో దొరకదు. మీరు ఎక్కడ నిలబడ్డారు, ఎంతసేపు నిలబడ్డారు అన్నదాంట్లో దొరుకుతుంది.

ఉద్యోగులు చాలామంది వచ్చారు కాబట్టి ముందు ఒక ఉద్యోగి గురించి చెప్తా. ఆయన పేరు దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకొని, ఇందోర్‌లో సర్కారీ నౌకరీ చేస్తూ కెమెరా నేర్చుకున్నాడు. తర్వాత హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. రాజా దీన్ దయాళ్‌గా 1905లో కన్నుమూశాడు. మన నగరం ఆ రోజుల్లో ఎట్లుండేదో ఇవాళ మనకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తున్నదంటే అందులో ఆయన భాగం పెద్దది.

ఆయన కాలంలో ఫొటో అంటే గాజు పలక. పెద్ద పెట్టె లాంటి కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, వాటిని మోయడానికి మనుషులు. పలకలు లెక్కపెట్టుకొని వాడాలి. అందుకే స్టాండు దించకముందే ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలి. అంటే ముందు చూడడం, తర్వాత తీయడం. సెల్‌ఫోన్ వచ్చినంక మనం దీన్ని తిరగేసినం. ముందు వంద తీస్తున్నం, ఇంటికి పోయి చూస్తున్నం. చూసేది కూడా ఎక్కడ? బస్సులో, వేలితో పక్కకు తోసుకుంటూ.

సరే, ఎక్కడ నిలబడాలి? చార్మినార్ దగ్గరే మొదలుపెడదాం. దానికి ఉత్తరాన గుల్జార్ హౌజ్ ఉంది. దాని చుట్టూ నాలుగు కమాన్లు, చార్‌కమాన్ అంటాం. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూడండి. ఎదుటి కమాను నడుమ నుంచి చార్మినార్ కనిపిస్తుంది. కమానే మీకు చట్రం. పొద్దున పూట అయితే వెలుతురు మీ ఎడమ చేతి వైపు నుంచి వస్తుంది. కట్టడానికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. అప్పుడు గాని రాతికి, గచ్చుకు ఒడ్డూ పొడుగూ రాదు. ఇక పడమటి దిక్కున లాడ్ బజార్. అక్కడి గాజుల దుకాణాల అద్దాల్లో మినార్ ముక్క ఏమైనా కనిపిస్తుందేమో వెతకండి. మినార్ మొత్తం రావాలని ఎవరు చెప్పారు? తెలిసిన వస్తువును సగం చూపిస్తే మిగతా సగం చూసేవాడే పూర్తి చేసుకుంటాడు. ఆ పని అతనికి వదిలిపెట్టండి.

ఓరుగల్లు కోటకు పోతే అక్కడ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఒక తోరణం ముందు నిలబడి సెల్ఫీ దిగి వచ్చేస్తున్నం. తోరణం కిందికి పోయి, దాని రెండు స్తంభాల నడుమ నుంచి ఎదురు తోరణాన్ని చూడండి. ఒక్క బొమ్మలో రెండు తోరణాలు, నడుమ పడిపోయిన గుడి. ఇంకొంచెం ఓపిక ఉంటే మోకాళ్ళ మీద కూర్చోండి. నేల మీద చెక్కడపు రాళ్ళు పరుచుకొని ఉన్నాయి. ఆ విరిగిన రాయి ముందు పెద్దగా, నిలిచిన తోరణం వెనక చిన్నగా వచ్చిందనుకోండి, ఒక రాజ్యం కథ మొత్తం అందులోనే ఉంటది. మీరు కింద వ్యాఖ్య రాయనక్కర్లేదు.

రామప్పలో సమస్య వేరు. 1213 నాటి శాసనం ఉన్న గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూరు కింద నల్లరాతి మదనికలు. కింద నుంచి ఫోన్ ఎత్తి తీస్తే వెనక ఆకాశం తెల్లగా మండిపోతుంది, మదనిక నల్ల ముద్ద అయిపోతుంది. అది ఫోన్ తప్పు కాదు. నాలుగడుగులు పక్కకు జరగండి. మదనిక వెనక ఆకాశానికి బదులు చూరో, ఎర్రరాతి గోడో వచ్చేటట్టు చూసుకోండి. చెక్కడం కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దు వాలినంక పోతే ఏటవాలు వెలుతురుకు ప్రతి గీత పైకి తేలుతుంది.

ఇక అసలు విషయానికి వస్తా. చార్మినార్ లేని ఊరివాళ్ళు ఏం చేయాలి? రఘుబీర్ సింగ్ అని గొప్ప రంగుల ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, 1999లో చనిపోయాడు. అంబాసిడర్ కారును పట్టుకొని ఆయన ఒక పుస్తకం నిండా ఫొటోలు తీశాడు. కారు తలుపు, కిటికీ, ముందు అద్దం, పక్క అద్దం, వాటిలో నుంచి దేశాన్ని చూపించాడు. 2002లో ఆ పుస్తకం వచ్చింది. మనకు అంబాసిడర్ ఎందుకు? రోజూ ఎక్కే ఆర్టీసీ బస్సు లేదా? దాని కిటికీ చట్రం కాదా? బస్టాండులో ఆగిన పది నిమిషాల్లో కిటికీ అవతల ఎంత బతుకు నడుస్తుంది!

మీ ఆఫీసునే తీసుకోండి. రికార్డు గదిలో గుడ్డ మూటల్లో కట్టిన పాత దస్త్రాలు, ఒక్క కిటికీలో నుంచి పడే వెలుతురు, ఆ మూటల మధ్య తల మాత్రమే కనిపించే అటెండర్. ఊరికి పోతే చెరువు కట్ట ఉంది. కట్ట ఎక్కి చూస్తే ఒక దిక్కు నీళ్ళు, ఒక దిక్కు పొలం, నడుమ దారి గీత గీసినట్టు పోతుంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాఁ 1932లో ఇయేర్ అనే ఊర్లో తీసిన ఫొటో ఒకటి జగత్ ప్రసిద్ధం. అందులో ఏముంది? వంపు తిరిగిన మెట్లు, కింద వీధిలో దూసుకుపోతున్న సైకిల్. అంతే. మెట్లు రోజూ అక్కడే ఉంటాయి. సైకిల్ ఒక్క క్షణమే ఉంటుంది. చెరువు కట్ట గీత దొరికింది కదా అని నొక్కి వచ్చేయకండి. ఆ గీత మీదికి ఒక మనిషి, ఒక గొర్రెల మంద, ఒక సైకిల్ వచ్చేదాకా నిలబడండి. స్థలం సగం బొమ్మ. మిగతా సగం నడిచి వస్తుంది.

మనిషి అన్నాను కాబట్టి ఒక మాట. పనిలో ఉన్న మనిషి మీ ఫొటోకు అలంకారం కాదు. గాజులు అమ్ముకునే అవ్వను, మగ్గం మీద కూర్చున్న తాతను ‘అమ్మా, ఫొటో తీసుకోవచ్చా’ అని అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. సరేనంటే తీసినంక చూపించండి. మన పేదరికాన్ని బయటివాళ్ళు వింతగా చూపిస్తే మనకు కోపం వస్తుంది కదా. ఆ పని మనమే చేస్తే?

ఇదంతా సరదా కోసం చెప్తున్నానని అనుకోవద్దు. 2020 జూలైలో పాత సచివాలయం కూల్చినప్పుడు 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ కూడా నేలమట్టమైంది. కొన్నేండ్లపాటు జీ బ్లాకు అని పిలుచుకున్నాం. వేలమంది ఉద్యోగులు దాని ముందు నుంచి రోజూ నడిచారు. మీలో కూడా ఉండొచ్చు. దాని మెట్ల ఫొటో, వరండా నీడ ఫొటో, కిటికీ ఫొటో మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? కూల్చేటప్పుడు తీసినవి కాదు, నిలబడి ఉన్నప్పుడు తీసినవి. అది రాజులు కట్టింది కాబట్టి ఎక్కడో ఎవరో తీసిన ఫొటో దొరుకుతుంది. మీ ఊరి భవంతి ఇంటికి ఎవరున్నారు? చెక్కడపు దర్వాజ, అరుగు, నడుమ వాకిట్లో పడే ఎండ. అన్నదమ్ములు పంచుకొని స్లాబు పోస్తే ఒక్క వారంలో పోతుంది. దాన్ని కూల్చొద్దని చెప్పే హక్కు మనకు ఉండకపోవచ్చు. ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి అవసరం వాళ్ళది. కానీ చూసి పెట్టుకునే బాధ్యత మనదే.

వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. మన పల్లెను, బతుకమ్మను జీవితమంతా ఫొటోల్లోకి ఎక్కించి 2022లో వెళ్ళిపోయాడు. ఆయన తీసినవాటిలో రాజుల కోటల కన్నా మామూలు మనుషులే ఎక్కువ గుర్తుంటారు.

ఇంటికి పోయేముందు మీకు ఒక పని. వచ్చే ఆదివారం మీ ఇంటి నుంచి అర కిలోమీటరు లోపల ఒక్క చోటు ఎంచుకోండి. గుడి కావచ్చు, దర్గా కావచ్చు, మంగలి దుకాణం కావచ్చు, బడి వరండా కావచ్చు. మొదటి పావుగంట ఫోన్ తీయొద్దు. చుట్టూ తిరగండి, కూర్చోండి, వెలుతురు ఎటు పడుతుందో చూడండి. ఫ్రేములోకి ఏం రావాలో కాదు, ఏం రావొద్దో ముందు తేల్చుకోండి. తర్వాత పది ఫొటోలే తీయండి. పదకొండోది వద్దు. ప్రతి ఫొటోకు ఊరు, చోటు, తేదీ రాసి పెట్టండి. మనిషిని తీస్తే, వాళ్ళు ఒప్పుకుంటే పేరు కూడా రాయండి. తేదీ లేని ఫొటో ముప్పై ఏండ్ల తర్వాత అనాథ అవుతుంది.

వచ్చే తరగతికి ఆ పది తీసుకొని రండి. చార్మినార్ తెచ్చినా ఫరవాలేదు. ఎవరిది ఏదో చూడగానే చెప్పగలగాలి, అదే నా షరతు.

సెలవు.