అరికాలు చూపించరా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, ప్రొద్దుటూరులో మన బడి ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలే ఇచ్చినారు. బ్యాంకులో రిటైరై ఇంట్లో కూర్చున్నవాడి చేతికి మైకిచ్చి పది నిమిషాలనడం, చెనిక్కాయల బస్తా ముందు కూర్చోబెట్టి పిడికెడే తినమన్నట్టుంటుంది. చిన్ననాటి జ్ఞాపకాలు చెప్పమన్నారు. చెబుతా. మధ్యలో షుగరూ బీపీ కూడా వస్తాయి, ఏమనుకోవద్దు. మా వయసువాళ్లు నలుగురు కలిస్తే అవి రాకుండా ఉండవు.

మాది 1973 బ్యాచ్. వెనక నుంచి రెండో బెంచీలో ముగ్గురం కూర్చునేవాళ్లం. నేను ఈ ఊరివాణ్ణే. తక్కిన ఇద్దరూ హాస్టలు పిల్లోళ్లు, ఒకడు జమ్మలమడుగు, ఒకడు పులివెందుల. లెక్కల సారు మమ్మల్ని పేర్లతో పిలిచింది లేదు. "ఒరేయ్ జమ్మలమడుగూ, నువ్వు లేసి చెప్పు. ఒరేయ్ పులివెందులా, వానికి అందియ్యొద్దు." ఆ పిలుపులే మాకు పేర్లయినాయి. ఇప్పటికీ నా ఫోనులో వాళ్ల నంబర్లు ఊళ్ల పేర్లతోనే ఉన్నాయి. నా మనవరాలు ఒకసారి ఫోను తెచ్చి, "తాతా, పులివెందుల నీతో మాట్లాడతాదంట" అనింది.

పులివెందులకు చందమామ పిచ్చి. కొత్త సంచిక వస్తే హాస్టల్లో పైకి చదివి వినిపించేవాడు, మధ్యలో ఆపి, "ఈ పుస్తకం పెట్టిన నాగిరెడ్డిగారిది మా తాలూకానే, కొత్తపల్లె" అని గుర్తుచేసేవాడు. ఏదో వాళ్ల పెదనాయన అన్నట్టు! చాలా ఏండ్లకు మా నాయనకు గుండె చూపించడానికి మద్రాసు పోతే, వడపళనిలో మేం పోయిన విజయా హాస్పిటలు కూడా ఆ నాగిరెడ్డిగారు పెట్టిందేనని తెలిసింది. వరండాలో కూర్చుని వానికి కార్డు రాసినా, "మీ తాలూకావాళ్లు మమ్మల్ని వదిలేటట్లు లేరురా" అని.

కాళ్ల సంగతి చెప్పాల. ఆ రోజుల్లో మా తరగతిలో సగం మందికి చెప్పుల్లేవు. పెన్నలో ఇసుక మీద ఆడినా, చేలల్లో అడ్డం పడి వచ్చినా వట్టికాళ్లే. తుమ్మముల్లు, పల్లేరుకాయ దిగని రోజు లేదు. జమ్మలమడుగు మొలతాడుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. ముల్లు గుచ్చుకున్నవాడు బెంచీ మీద కాలు పెడితే, వాడు ఉమ్మితో తుడిచి, పిన్నీసుతో కెలికి, నలుసు కూడా మిగలకుండా తీసేవాడు. తీసిన ముల్లు అరచేతిలో పెట్టి చూపించేవాడు. డబ్బుల్లేవు, మొహమాటం లేదు. "నొప్పి పుడతాందిరా" అంటే "పుట్టనీలే" అనేవాడు.

సోమవారం ప్రార్థన అయినాక డ్రిల్లు సారు వరుసలో నిలబెట్టి గోళ్లు, చెవులు, మెడలు చూసేవారు. మశూచి టీకాలోళ్లు వచ్చినరోజు మేం గోడ దూకితే, సైకిలేసుకుని వచ్చి మమ్మల్ని పెన్న ఒడ్డు నుంచి తోలుకొచ్చింది కూడా ఆయనే. మా వయసువాళ్ల భుజం మీద గుండ్రంగా మచ్చ ఉంటుంది చూడండి, ఈ కాలం పిల్లలకు అది ఏందో తెలియదు. 1980లో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రకటించినప్పుడు, మా సారు సైకిలు చక్రం గుర్తొచ్చింది నాకు.

మేం పదిలో ఉన్నప్పుడే జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. బడులు నెలల తరబడి మూసేసినారు. హాస్టలు ఖాళీ అయింది, ఎవరి ఊరికి వాళ్లు. అప్పుడు పోస్టుకార్డులు రాసుకున్నాం. పులివెందుల రాసిన ఒక కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. పాఠాల మాట ఒక్కటీ లేదు. "నాకు గజ్జి వచ్చింది. మా అమ్మ వేపాకు పూస్తాంది. నీకు వచ్చిందా? వచ్చుంటే నా నుంచే వచ్చుంటాది" అని రాసినాడు. కార్డు అంటే పోస్టుమాస్టరు, పోస్ట్‌మ్యాను, మా ఇంట్లో అందరూ చదవవచ్చు. వానికి ఆ సిగ్గే లేదు.

అట్లాంటివాడు, నలభై ఐదేండ్ల తర్వాత, జేబులో ఫోను పెట్టుకుని, నాతో చెప్పలేకపోయినాడు. ఎందుకు చెప్పలేకపోయినాడో నాకు తెలుసు. దాంట్లో నా పాపం కూడా ఉంది. అది చెప్పడానికే ఈ పది నిమిషాలు తీసుకున్నా.

నాకు 2009లో షుగరు బయటపడింది. ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బ్యాంకులో చెబితే ఏమనుకుంటారో, వియ్యంకులకు తెలిస్తే ఏమనుకుంటారో అని. 2018లో పులివెందుల కూతురి పెండ్లి. బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. ఓళిగలు వడ్డిస్తాంటే నేను రెండు వేయించుకుని నెయ్యి పోయించుకున్నా. వాడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దప్పా, ఈ మధ్య కొంచెం షుగరు చూపిస్తాంది" అన్నాడు. ఆ మాట మెల్లగా అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "నీకు ఎప్పుడైనా కాళ్లు తిమ్మిర్లు పడతాయా? దూది మీద నడిచినట్టు?" అని అడిగినాడు.

నాకు అప్పటికి ఆరునెలలుగా పడుతున్నాయి. "అదేం లేదురా, వయసు. నాకేం లేదు, చూడు ఎట్ల తింటాన్నానో" అని నవ్వి మూడో ఓళిగ అడిగినా. వాడు కూడా నవ్వినాడు. వాని మొహంలో కొంచెం నిమ్మళం కూడా కనిపించింది. వీనికేం లేదంటే నాదీ ఏమంత పెద్దది కాదులే అనుకున్నాడంట. ఇది తర్వాత వాడే చెప్పినాడు.

మరుసటి ఏడు ఎండాకాలం. మొక్కుబడి ఉండి వాడు ఒక గుళ్లో మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణాలు చేసినాడు. మన జిల్లా నాపరాయి బండలు వైశాఖంలో ఎట్ల కాలతాయో మీకు చెప్పాల్నా? మామూలుగానైతే నాలుగడుగులకే ఎగిరి నీడలోకి పోతాం. వాడు పదకొండు చుట్లు తిరిగినాడు. భక్తి అనుకున్నారు అందరూ. వానికి కాలలేదు, అంతే. అరికాళ్లలో నరాలు ఎప్పుడో చచ్చిపోయినాయి. రాత్రి పడుకున్నాక భార్య దుప్పటి మీద తడి చూసి దీపమేస్తే, రెండు అరికాళ్లూ బొబ్బలు.

పసుపు, కొబ్బరినూనె పెట్టి గుడ్డ కట్టుకున్నాడు. ఎడమకాలు మానలేదు. ఇరవై రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు కూడా రెండుసార్లు ఫోనులో మాట్లాడినాం. చీనీకాయల ధర మాట్లాడినాం, చిత్రావతి రిజర్వాయరుకు నీళ్లొస్తాయా రావా అని మాట్లాడినాం. చివరికి వాసన వచ్చినాక కొడుకు కారులో వేసుకుని పోయినాడు. ముందు రెండు వేళ్లు తీసినారు. ఆగలేదు. మోకాలి కింద తీసినారు.

నేనూ జమ్మలమడుగూ చూడడానికి పోయినాం. మంచం మీద దుప్పటి ఒకపక్క చదునుగా ఉంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. జమ్మలమడుగు మంచం చివర కూర్చుని, మిగిలిన కాలు తన ఒడిలో పెట్టుకుని, అరికాలు, వేళ్ల సందులు చూస్తాన్నాడు. పిన్నీసు ఒక్కటే తక్కువ. అప్పుడు చెప్పినా నేను, నా షుగరు సంగతి, ఓళిగల సంగతి. పులివెందుల కొంచెంసేపు పైకప్పు చూసి, "ఆ పెండ్లిలో చెప్పింటే ఇద్దరం కలిసి పోయి చూపించుకునేవాళ్లం గదరా" అన్నాడు. తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.

అక్కడ డాక్టరమ్మ మా ముగ్గుర్నీ నిలబెట్టి పాఠం చెప్పింది. షుగరు ఏండ్ల తరబడి ఎక్కువుంటే పాదాల నరాల్లో స్పర్శ పోతుంది, రక్తం పారడం తగ్గుతుంది. కాబట్టి దెబ్బ తెలియదు, తగిలింది మానదు. నొప్పి లేదు గదా అని ఊరుకుంటే అదే ప్రమాదం. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాల, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవాల. ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగొద్దు. వేడినీళ్లు కాలితో కాదు, మోచేత్తో చూడాల. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించుకోవాల. ఏడాదికొకసారి కండ్లు, కిడ్నీలు చూపించుకోవాల. సన్నటి నైలాన్ తీగలాంటి దాన్ని అరికాలికి ఆనించి "తెలుస్తాందా?" అని నన్ను అడిగింది. పదిచోట్ల పెడితే ఆరుచోట్లే తెలిసింది నాకు. ఆ తీగ కొనల్లా వంగుతున్నది కంటికి కనబడుతాంది, కాలికి తెలియడం లేదు. ఆ రోజు భయం వేసింది.

అప్పటి నుంచి నెలలో మొదటి ఆదివారం ముగ్గురం కలుస్తాం. ఒక నెల ఇక్కడ, ఒక నెల జమ్మలమడుగులో, ఒక నెల పులివెందులలో. కరోనాలో మాత్రం ఫోనులో కానిచ్చినాం. కలవగానే చెప్పులు విడిచి అరికాళ్లు చూపించుకోవాల. తర్వాత షుగరు, బీపీ చీటీలు బయట పెట్టాల. డ్రిల్లు సారు గోళ్ల తనిఖీ అనుకోండి. పోయిన నెల నా మూడు నెలల సగటు 8.1 వచ్చింది. పులివెందుల చీటీ చూసి, "ఓళిగలు ఎన్నిరా?" అని అడిగినాడు. నిజమే చెప్పినా, నాలుగు.

ఈ తనిఖీలోనే జమ్మలమడుగు బయటపడినాడు. రాత్రి నాలుగుసార్లు లేస్తాడంట, వయసులే అని మూడేండ్లుగా ఊరుకున్నాడు. తోలుకుపోయి చూపిస్తే ప్రోస్టేటు పెద్దదైంది. మాత్రలతో తగ్గింది. ముప్పై ఏండ్లు పిల్లలకు సైన్సు చెప్పిన అయ్యవారు ఆయన!

ఇంకొక మాట. మా తరగతిలో ఆడపిల్లలు ఐదుగురే. వాళ్లలో ఒకామె అనుమతితోనే ఇది చెబుతున్నా. మా ఆదివారాల సంగతి విని మా ఇంటామెకు ఫోను చేసి, "మగోళ్లు కాళ్లు చూపించుకుంటాన్నారు, మేము ఎవరికి చూపించాల్నక్కా?" అనింది. రొమ్ములో గడ్డ. మనవడి పుట్టువెంట్రుకలు అయ్యేదాకా చెప్పగూడదని రెండు నెలలుగా దాచిపెట్టుకుంది. మరుసటి రోజే మా ఇంటామె వెంట పోయింది. ఒకప్పుడు జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో డాక్టరుగా చేసిన రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా 2007లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ కింద ఆపరేషను జరిగింది. ఆమె ఇక్కడే ఉంది. ఎక్కడ కూర్చుందో చెప్పను. ఇప్పుడు ఆడవాళ్లు వేరేగా కలుస్తున్నారు, వాళ్ల సంగతులు మాకు చెప్పరు.

సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవానికి వసూలైన డబ్బులో స్వాగతద్వారం కడదామని అంటున్నారు. కట్టండి, వద్దనను. అయితే ఏడాదికి ఒకపూట, ఇదే బడిలో, బెంచీల మీద కాళ్లు పెట్టించి చూసే డాక్టర్లను పిలిపించండి. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లకు కొదువ లేదు. ఆ నైలాన్ తీగ ఖరీదు పూలదండ కంటే ఎక్కువుండదు. నా వంతు ఈ రోజే కోశాధికారిగారికి ఇచ్చినా.

టైమయిందని గంట కొడుతున్నారు. ఆ గంట మనదే, పాతదే, శబ్దం మారలేదు. మూడో వరుసలో చివర జైపూర్ కాలు పెట్టుకుని కూర్చున్నవాడే పులివెందుల. ఇంతసేపూ నన్ను కోపంగా చూస్తాన్నాడు, పేరు చెప్పకుండా గుట్టంతా చెప్పేసినానని. పక్కన జమ్మలమడుగుకు చెవిలో మిషను ఉంది గానీ ఆఫ్ చేసుకున్నాడేమో, నవ్వుతాన్నాడు. భోజనాలయినాక ముగ్గురం వేపచెట్టు కింద బెంచీ మీద ఉంటాం. ఈ రోజు మొదటి ఆదివారం. వచ్చేవాళ్లు రండి, సాక్సులు విప్పేసి రండి.