నందన్ మేళా: విద్యార్థుల చేతుల్లో కళాప్రదర్శన

రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో శాంతినికేతన్‌లో నెలకొల్పిన కళాభవన్, నేడు విశ్వభారతి విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగంగా, చిత్రలేఖనం, శిల్పం, అచ్చుచిత్రాలు, వస్త్రకళ మొదలైన శాఖలలో శిక్షణనిస్తున్నది. ఈ సంస్థకు దీర్ఘకాలం సారథ్యం వహించిన నందలాల్ బోస్ జయంతి డిసెంబరు 3 కాగా, దానికి ముందు రెండు రోజులపాటు ఆయన పేరిట నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి తయారుచేసిన మట్టిపాత్రలు, కార్డులు, క్యాలెండర్లు, బొమ్మలు అందుబాటు ధరలకు అమ్మగా వచ్చిన సొమ్ము విద్యార్థుల సంక్షేమ నిధికి చేరుతుంది.

ఇలా అందుబాటు ధరకు కళను అందించడానికి అనువైనది అచ్చుచిత్రం: ఉదాహరణకు, కొయ్యపలకపై గీతలు చెక్కి, మిగిలిన ఎత్తు భాగాలకు సిరా పూసి, తడి కాగితాన్ని పరిచి వీపున గరిటెతో రుద్ది తీసే బొమ్మ, ఒకే పలక నుంచి అనేక ప్రతులుగా వస్తుంది కనుక, సామాన్యుని గోడకు సైతం కళను చేర్చగలదు.

పనిని నలుగురి ముందు నిలబెట్టడం, వెల నిర్ణయించడం, చూసేవారి ప్రశ్నకు ఓపికగా బదులివ్వడం తరగతి గదిలో పూర్తిగా అలవడవు. ఆ పాఠాలను విద్యార్థికి నేర్పే నందన్ మేళా వంటి ప్రదర్శన ప్రతి కళావిభాగానికీ ఆవశ్యకం.