మా ఊరు నూట ఇరవై ఓట్లు



మన సవర, జాతాపు ఊళ్ళలో "మీ ఊరు ఎంతుంటది?" అని అడిగితే "నూట ఇరవై ఓట్లు" అంటారు. మనుషుల్ని ఓట్లుగా లెక్కపెట్టడం మనకు అలవాటైపోయింది. మాకూ అంతే. ఎన్నికల డ్యూటీకి వెళ్ళాకే తేడా తెలిసింది. జాబితాలో పేరున్నవారి లెక్క వేరు, వచ్చి ఓటేసినవారి లెక్క వేరు. మొదటివారిని చట్టం 'ఎలెక్టర్' అంటుంది. తెలుగులో 'నిర్వాచకులు' అనే మాట ఉంది గానీ, ఏ ఊళ్ళోనూ మేము వినలేదు. ఇద్దరినీ ఓటర్లనే అంటాం.

1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. వయసొస్తే అర్హత వస్తుంది, ఓటు వేయాలంటే మాత్రం పేరు జాబితాకెక్కాలి. ఓటేసే రోజుతో దాని పని అయిపోదు. 1996 పీసా చట్టంలో గ్రామసభ అంటే ఎవరు? ఓటర్ల జాబితాలో పేరున్నవారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు సంప్రదించాల్సింది గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో. (సీతంపేట వైపు చాలా గిరిజన గ్రామాలు షెడ్యూల్డులోకే రాలేదు, అది వేరే బాధ. అక్కడ కూడా గ్రామసభ అంటే ఆ జాబితాయే.) 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం ఊళ్ళోని వయోజనులందరినీ గ్రామసభ అంటుంది. ఒకే ఊరు, ఒకే చెట్టు కింద కూర్చునే మనుషులు, చట్టాన్ని బట్టి లెక్క మారుతుంది.

మా దగ్గర చదివి డిగ్రీలో చేరిన ఒక పిల్ల సెలవులకు ఊరెళ్ళింది. గ్రామసభలో క్వారీ సంగతి వచ్చింది. కాగితం చదివి అందరికీ అర్థం చెప్పింది ఆ పిల్లే. సంతకాల దగ్గర మాత్రం "నీ పేరు లేదమ్మా" అన్నారు. పేరు పట్నంలో, హాస్టల్ చిరునామాలో ఉంది. నమోదు చేయించింది మేమే. ఓటు వచ్చిందని ఆ రోజు మిఠాయి కూడా పంచాం.

హాస్టల్లో ఉన్నవారు అక్కడైనా, తల్లిదండ్రుల ఇంటి దగ్గరైనా నమోదు కావచ్చు. రెండుచోట్ల కుదరదు. అప్పటినుంచి ఫారం నింపే ముందు "ఏ ఊరు రాద్దాం?" అని అడుగుతున్నాం. 17 నిండితే ముందుగానే పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కకొస్తాయి. ఆరో నంబరు ఫారాలు వెనక బల్ల మీద ఉన్నాయి. పెళ్ళై వేరే ఊరు వెళ్ళినవారికి, పేరు తప్పుపడినవారికి కావలసింది ఎనిమిదో నంబరు, అవీ అక్కడే ఉన్నాయి.