తిరుపతి కాలినడక: మూటలో ఏముండాలి?
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాది పచ్చడి తిన్న నోటితోనే పెరటాసి నెల మాట యెత్తడం తొందరపాటుగా మీకు తోచవచ్చును. కాని మన కె.జి.ఎఫ్. నుండి, చుట్టుపట్ల కోలారు పల్లెల నుండి తిరుపతికి నడిచిపోయేవారికి యింక ఆరునెలలే వ్యవధి వున్నది. కాళ్ళకు అలవాటు చేయడానికి ఆ ఆరునెలలూ కావాలి. మన తాతతండ్రులకు యీ మాట చెప్పవలసిన అవసరం లేకపోయింది. వారు గనిలో దిగి యెక్కి గట్టిపడినవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మనలో చాలమందికి తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కడం, చీకటిపడ్డాక దిగడం, నడుమ కుర్చీలో కూర్చోవడం. మొక్కు మాత్రం పాతదే, దూరమూ పాతదే.

ముళబాగిలు, నంగిలి, పలమనేరు, చిత్తూరు, చంద్రగిరి మీదుగా లెక్కవేస్తే 170 కిలోమీటర్లకు అటూ యిటూ అవుతుంది. నాలుగు రోజుల్లో ముగించామని చెప్పుకోవడం కొన్ని జట్లకు గొప్పగా వున్నది. అందులో మాకు గొప్ప కనిపించదు. రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున ఏడు రోజులు పెట్టుకుంటే అందరూ కలిసి కొండ చేరవచ్చును. యిప్పటినుండే ఆదివారాలలో కమ్మసంద్ర కోటిలింగాలదాకా నడిచిరండి. వేసవి తగ్గిన తరువాత కోలారు అంతరగంగ మెట్లెక్కి దిగండి.

పాదరక్షల సంగతి వచ్చేసరికి మన యిళ్ళలో వాదం లేస్తుంది. చెప్పులు తొడిగితే మొక్కు చెడుతుందని పెద్దల పట్టు. వారి మాట తీసివేయలేము. కాని మట్టిబాటలో నడిచిననాటి నియమం అది. మధ్యాహ్నం తారురోడ్డు వేడికి అరికాలు పొక్కిపోతుంది. మా మనవి ఒక్కటే: కొండ అడుగుదాకా చెప్పులో బూట్లో తొడుక్కోండి, మెట్లమీద వట్టి పాదాలతో యెక్కండి. షుగరు వున్నవారికైతే యిది మనవి కాదు, హెచ్చరిక. వారిలో చాలమందికి పాదాలలో స్పర్శ తగ్గి వుంటుంది. గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడితే కాలికే మోసం వస్తుంది. ప్రయాణానికని కొత్త బూట్లు కొనేవారు రెండునెలల ముందే కొని అరగదీయాలి. నూలు మేజోళ్ళు మూడు జతలు, వేళ్ళ నడుమ రాయడానికి కొంచెం వాజిలిన్, యెర్రబడిన చోట వెంటనే అంటించడానికి ప్లాస్టరు. బొబ్బ లేచాక చేసే వైద్యం కంటే లేవకముందు అంటించే ప్లాస్టరు మేలు.

పెరటాసి శనివారం ఒక్కపొద్దు వుండి నడిచేవారు మనలో యెందరో. ఆరోగ్యవంతులకు పరవాలేదు. షుగరు మాత్ర మింగి, లేక యిన్సులిన్ వేసుకుని, పస్తుండి ఇరవై కిలోమీటర్లు నడిస్తే దారిలోనే స్పృహ తప్పవచ్చును. అటువంటివారు ముందుగానే తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి. జేబులో చక్కెరో బెల్లమో లేకుండా అడుగు వేయరాదు.

తిండికి మన కోలారు వంటిల్లే చాలును. బయలుదేరిన రోజుకు పులిహోర. ఆ తరువాత అటుకులు, బొరుగులు, శనక్కాయ బెల్లం వుండలు. పెరుగన్నం కట్టుకుపోవద్దు, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. దొరికినచోట రాగి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. చెమట బాగా పట్టినా, విరేచనాలైనా వట్టి నీళ్ళు చాలవు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు లేనప్పుడు లీటరు మంచినీళ్ళలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలుపుకోవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు.

దారిలో చెరువులు నిండి కనిపిస్తే దిగి తాగబుద్ధి అవుతుంది. కోలారు చెరువులలో చాలవాటికి 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మళ్ళిస్తున్నారు. ఆ నీరు భూగర్భజలం పెరగడానికే గాని తాగడానికి కాదు. నీళ్ళు యింటినుండి తెచ్చుకోండి, లేక నమ్మకమైనచోట పట్టుకోండి.

సామాన్లకు వ్యాను పెట్టుకునే జట్లు కూడా అన్నీ వ్యానులో పడేయరాదు. నీళ్ళ సీసా, టార్చిలైటు, ఫోను, మందులు, పేరూ యింటి నెంబరూ రాసిన కాగితం, వానకు ఒక ప్లాస్టిక్ పట్టా, యివి మనిషి వెంట వుండాలి. వ్యాను లేనివారి మూట ఐదారు కిలోలు దాటరాదు. మూడో చీర, నాలుగో చొక్కా ముళబాగిలు చేరకముందే బరువవుతాయి.

యింతకూ ప్రాణాలు తీసేది బరువు కాదు, రాత్రి రోడ్డు. యెండకు జడిసి రాత్రంతా నడవడం మనవాళ్ళకు ఆచారమైపోయింది. పలమనేరు దాటాక మొగిలి ఘాటు వున్నది. 2024 సెప్టెంబరులో అక్కడ బస్సూ లారీలూ ఢీకొని పలువురు చనిపోయారు. బస్సులో కూర్చున్నవారికే ఆ గతి పట్టినచోట, నల్లచొక్కాతో అంచున నడిచేవాడు డ్రైవరు కంటికి ఆనుతాడా? తెల్లవారగానే బయలుదేరి పదిన్నరకు ఆగండి. మూడున్నరకు లేచి పొద్దుగూకేసరికి మజిలీ చేరండి. తప్పక చీకటిలో నడవవలసివస్తే యెదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపున, ఒకరి వెనుక ఒకరు, వెలుగు పడితే మెరిసే పట్టీలు కట్టుకుని నడవండి. రోడ్డు అంచున గాని, ఆగిన లారీ కింద గాని పడుకోవద్దు.

పలమనేరు ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం ఏనుగులూ వున్నాయి. అడ్డదారిని పొలాలలో పడిపోవద్దు. 2025 శివరాత్రి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోన అడవిలో నడిచిపోతున్న భక్తులమీద ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. అలిపిరి మెట్లదారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ళ పాపను చిరుత యెత్తుకుపోయి చంపింది. పిల్లలను చేయి వదలకుండా, గుంపు నడుమ వుంచి, పగలే యెక్కించండి. చంద్రగిరి వైపునుండి వచ్చే మనకు శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారిమెట్టు దగ్గర. అలిపిరి దారికి 3550 మెట్లయితే దీనికి 2388.

చివరిగా జట్టు పెద్దలకు ఒక మాట. మోకాలు వాచినవానిని, జ్వరం తగిలినవానిని "యింకెంత, రేపటితో సరి" అని లాక్కుపోకండి. పలమనేరులోనూ చిత్తూరులోనూ ఆసుపత్రులున్నాయి, తిరుపతికి బస్సులున్నాయి. అతనికి తోడుగా ఒకరిని పంపి, బస్సు ఛార్జీకి జట్టు పైకంలో ముందే కొంత తీసిపెట్టండి.