పాత ఫోటోలు, చౌక స్కానరు: మన యిండ్ల అనుభవము
(సంఘము నెలసరి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మేము మాటలాడదలచిన విషయము చూపునకు చిన్నది. ఇంటిలో బల్లమీద నుంచుకొని పాత ఫోటోలకు ప్రతులు తీసికొను స్కానరు అను యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిమి. ఇటీవల కోయంబత్తూరునందును మధురయందును మన కుటుంబములవారు పలువురు ఐదారువేల రూపాయలు పెట్టి యిట్టి యంత్రమును కొనిరి. మేమును కొంటిమి. కొన్నవారిలో కొందరు మెచ్చుకొనిరి. కొందరు మోసపోతిమని మూలకు నెట్టిరి. ఒకే సరకును గూర్చి రెండు విధములైన మాటలు వినబడినప్పుడు వర్తకుడు చేయవలసిన విచారణ యొక్కటే. లోపము సరకులో నున్నదా, లేక దానితో చేయబూనిన పనిలో నున్నదా? ఇది తెలిసికొనుటకై పదిపన్నెండు ఇండ్లకు పోయి, తీసిన ప్రతులను చూచి, వారి మాటలను వ్రాసికొని వచ్చితిమి.

ముందుగా యంత్రము పనిచేయు తీరు చెప్పెదము. అద్దముమీద ఫోటోను బోర్లించి మూత వేసినచో, అద్దము క్రింద ఒక దీపపుకమ్మీ ఈ కొననుండి ఆ కొనకు జరుగుచు బొమ్మను వరుసవరుసగా చదువును. ఇందు రెండు జాతులు కలవు. సి.ఐ.ఎస్. అను జాతిలో చదువు కన్ను అద్దమునకు అంటుకొనియే యుండును. యంత్రము పలుచన, వెల తక్కువ, వేరు కరెంటు తీగ అక్కరలేదు. సి.సి.డి. అను రెండవ జాతిలో అద్దములును కటకమును ఉండును. యంత్రము దళసరి, వెల హెచ్చు. మన యిండ్లలో నున్నవి దాదాపు అన్నియు మొదటి జాతివే. ఆ జాతి కన్ను అద్దమునకు ఆనిన వస్తువునే స్పష్టముగా చూచును. పైకి లేచినది మసకబారును. మేము విన్న ఫిర్యాదులలో సగము ఈ యొక్క కారణమునుండి పుట్టినవే.

వదులుగా, చదునుగా నున్న ఫోటోల విషయమున ఎవ్వరును తప్పు చెప్పలేదు. ఇచ్చిన ధరకు పని బాగున్నదనియే అందరి మాట. చిక్కులన్నియు తక్కినవానితోనే.

పీలమేటిలో ఒక యింట దళసరి అట్టకు అంటించిన పెండ్లిఫోటో కలదు. ఏండ్లు గడచి ఆ యట్ట విల్లువలె వంగినది. ప్రతిలో నడుమ నున్న వధూవరులు స్పష్టముగా వచ్చిరి. అంచులనున్న బంధువులు మంచులో నిలిచినట్లు వచ్చిరి. మూతను చేతితో అదిమి చూతమని పిల్లవాడు పూనుకొనగా ఇంటివారు వారించిరి. మంచిపని చేసిరి, పాత అట్ట పెళుసు, అదిమిన విరుగును. అట్టివానిని నీడపట్టున పగటి వెలుతురులో నిటారుగా పైనుండి కెమెరాతో తీయుట మేలు, లేదా రెండవ జాతి యంత్రమున్నచోట తీయించుట మేలు.

మధురలో మాసి వీథులలోని ఒక యింటివారు, కాగితములను తనలోనికి లాగుకొను రోలర్ల యంత్రమును కొనిరి. త్వరగా పని తెములునని ఆశ. పదింటిని చక్కగా మింగి కక్కినది. పదునొకండవది తాతగారి ఒంటిఫోటో. మూల విరిగి, ముఖముమీద తెల్లని గీత పడినది. దానికి నెగటివు లేదు, రెండవ ప్రతి లేదు. కనుక ఒక్కటే యున్న ఫోటోను రోలర్ల నోటికి అందింపరాదని అందరును గుర్తుంచుకొనవలెను.

ఒక దుకాణమున "ఇది నెగటివులను గూడ తీయును" అని చెప్పి అమ్మిరి. ఇంటికి వచ్చి పెట్టి చూడగా నల్లని ముక్క తప్ప మరేమియు రాలేదు. నెగటివునకు వెలుతురు వెనుకనుండి రావలెను. అనగా మూతలో దీపముండవలెను. అంతియేగాక 35 మిల్లీమీటర్ల నెగటివు బొమ్మ కొలత 36కు 24 మిల్లీమీటర్లు మాత్రమే. అంగుళమునకు 300 చుక్కల చొప్పున చదివినచో ఇంచుమించు 425కు 283 చుక్కలు వచ్చును. అది తపాలాబిళ్ళకు చాలును గాని గోడకు చాలదు. నెగటివులకు 2400కు తగ్గని కొలత కావలెను. ఈ చౌక యంత్రమునుండి దాని నాశింపరాదు.

పటము కట్టిన ఫోటోలది వేరొక బాధ. వానచెమ్మకు ఫోటోపైని పూత అద్దమునకు అంటుకొనును. ఒకరు లాగి చూచిరి. ముఖము అద్దముననే నిలిచిపోయినది. అంటుకొన్నదానిని లాగవలదు, నీరు చల్లవలదు. అద్దముతోనే యుంచి కెమెరాతో ప్రతి తీసికొనుడు. 1970, 80 ప్రాంతముల జిగురుపుటల ఆల్బములలోని ఫోటోలను గోటితో పెకలింపక, పండ్ల సందులు శుభ్రపరచు సన్నని దారమును వెనుకనుండి మెల్లగా నడుపవలెను. అప్పటికిని రాకున్నచో పుటను పుటగానే అద్దముమీద బోర్లింపవచ్చును.

ఇక చుక్కల లెక్క. పెట్టెమీద 2400, 4800 అని అచ్చువేసి యుండుట చూచి పలువురు మురిసిరి. నాలుగుకు ఆరంగుళముల ఫోటోను 300 చొప్పున చదివినచో 21 లక్షల 60 వేల చుక్కలు. 600 చొప్పున 86 లక్షల 40 వేలు. కుదింపక దాచినచో ఈ రెండవది సుమారు 26 ఎం.బి. అగును. 1200కు పోయినచో దానికి నాలుగురెట్లు. కాని కాగితపు ఫోటోలో అంతకు మించిన వివరము సాధారణముగా నుండదు. లేనిదానిని ఎంత తవ్వినను రాదు. సాధారణ ఫోటోలకు 600, మరీ చిన్నవానికి 1200 చాలును. మూలప్రతిని టిఫ్ రూపమున దాచి, బంధువులకు పంపుటకు జేపెగ్ రూపము వాడవలెను. ప్రతులు మూడు ఉండవలెను. అందొకటి వేరొక ఊరిలో నుండవలెను. ప్రతి తీసితిమిగదా యని అసలు ఫోటోను పారవేయరాదు. వెలిసి ఎఱ్ఱబడిన రంగుల ఫోటోలను యంత్రము కొంతవరకు సరిచేయును. అయినను సరిచేయని ప్రతిని గూడ నుంచుకొనుట మంచిది.

కొనువారు మరియొకటి అడిగి తెలిసికొనవలెను. ఒకరు కొత్త కంప్యూటరు తెచ్చిరి. పాత స్కానరును అది గుర్తింపలేదు. దానికి కావలసిన డ్రైవరును తయారుచేసినవారు ఇచ్చుట మానివేసిరట. యంత్రమునకు జబ్బు లేదు, మాట కలుపువాడు లేడు.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది యంత్రము తప్పులు. ఇప్పుడు మా తప్పు చెప్పెదము.

మధురలో మా బంధువుల యింట ఒక రేకుపెట్టె నిండ ఫోటోలు కలవు. అందున్నవారిని పేరుపేరున చెప్పగలది ఒక్క అవ్వయే. ఆమెకు తొంబది దాటినవి. "పెట్టె తెచ్చి నా ముందర పెట్టుడు, నేను చెప్పెదను" అని ఆమె రెండుసారులు కబురు పంపినది. మేమో, 300యా 600యా, ఏ కంపెనీ మేలా యని రెండునెలలు తర్కించుచు కూర్చుంటిమి. యంత్రము వచ్చినది, అంతకు వారము ముందే అవ్వ వెళ్ళిపోయినది. నేడు ఆ పెట్టెలోని ప్రతులు కన్నులకు కట్టినట్లున్నవి. చీర అంచు తెలియుచున్నది, ముక్కుపుడక రాయి తెలియుచున్నది. ఆ చీర కట్టిన తల్లి ఎవరో మాత్రము తెలియదు. ఐదువేల యంత్రము చేయలేని పనిని అయిదు రూపాయల పెన్సిలు చేసియుండెడిది.

మరొక సంగతి. ఫోటో వెనుకవైపును గూడ ప్రతి తీయుడు. ఆ పెట్టెలో కొన్నింటి వెనుక తెలుగు అక్షరములలో పేర్లున్నవి. కొన్నింటి వెనుక తెలుగు మాటలే తమిళ అక్షరములలో నున్నవి. తెలుగు లిపి చేతిలోనుండి జారిపోయిన తరము ఏదియో ఆ వెనుకవైపులే చెప్పుచున్నవి. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు. తాతచేతి వ్రాతను చదువలేరు. 2006లో తమిళము నిర్బంధపాఠముగా చట్టము వచ్చిన పిమ్మట బడిలో తెలుగు అక్షరము నేర్చు వీలు మరింత సన్నగిల్లినది. తమిళము మనకు అన్నముపెట్టిన భాష, దానిని మనము గౌరవింతుము. అయినను తన ముత్తాత పేరును తాను చదువలేనివాడు ఆ యింటి వారసుడెట్లగును?

మధుర పుదుమండపమున నాయకరాజుల రూపములు స్తంభములమీద నిలిచియున్నవి. అవి రాతిలో నున్నవి గనుక మిగిలినవి. మన కోయంబత్తూరు జి. డి. నాయుడుగారు (1893–1974) కెమెరా పట్టినవారు. 1936లో లండనులో అయిదవ జార్జి అంత్యయాత్రను స్వయముగా చిత్రించిరని ప్రసిద్ధి. రాజులకు రాయి యున్నది, ప్రముఖులకు మ్యూజియము లున్నవి. పాండిచ్చేరిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూటువారు బ్రిటిషు లైబ్రరీవారి సహాయముతో తమిళనాటి స్టూడియో ఫోటోలకు ప్రతులు తీసి భద్రపరచిరి. కాని మన యింటి రేకుపెట్టెను ఎవరును వచ్చి అడుగరు. అది మన పనియే.

కావున మా మనవి మూడు మాటలు. ఒకటి, ఇంటికొక యంత్రము కొనుట మాని సంఘము ఒక మంచి యంత్రమును కొని, వారమునకొక యింటికి పంపవలెను. దాని వెలలో సగము మేము భరించెదము. రెండు, యంత్రముకన్న ముందు నోటుపుస్తకము పోవలెను. పెద్దల ముందర ఫోటోలు పరచి, పేరు, ఊరు, వరుస, సంవత్సరము వ్రాసికొనవలెను. ఫోటో వెనుక వ్రాయుట తప్పనిచో మెత్తని పెన్సిలుతో అంచున వ్రాయవలెను; బాల్‌పెన్ను కూడదు. మూడు, ప్రతి తీయుపని పిల్లలకు అప్పగించి, వెనుకనున్న తెలుగు అక్షరములను వారిచేతనే చదివింపవలెను. అవ్వ పేరులోని అక్షరములతో మొదలుపెట్టిన ఓనమాలు మరపునకు రావు.

ఈ సభలో ఎనుబది దాటినవారు పలువురు కూర్చుండియున్నారు. వారిని చూచుచునే ఈ మాట చెప్పుచున్నాము. రేపటి ఆదివారమే మీ యింటి పెట్టె దింపుడు. యంత్రము తరువాత రావచ్చును.